ఎక్కడ దురదో అడిగిన మనిషి

ఈ మధ్య రాయ్‌పూర్‌లో మా తమ్ముడింటికి వెళ్లి పదిరోజులు ఉన్నాను. వాడు సిల్తారాలో ఒక స్పాంజి ఐరన్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. సాయంత్రం గుమ్మంలో నిలబడి చొక్కా దులిపితే నల్లటి పొడి రాలుతుంది. వాడి కూతురికి పద్నాలుగేళ్లు. పరీక్షలకి చదువుకుంటూ ఒక చేత్తో పేజీ తిప్పుతుంది, రెండో చేత్తో తల గోక్కుంటుంది. పేజీల కన్నా గోకుడే ఎక్కువ. దాని మీద ఇంట్లో తలో మాట. ఫ్యాక్టరీ దుమ్మని మరదలు, బోరు నీళ్లని తమ్ముడు, దిష్టి అని పక్కింటావిడ. టీవీలో కనిపించిన షాంపూలన్నీ బాత్‌రూం గూట్లో బారులు తీరి ఉన్నాయి, ఒక్కటీ సగం దాటి ఖాళీ కాలేదు. నేను పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుని "ఎక్కడ దురద?" అని అడిగాను. "తల్లో అత్తా, ఇంకెక్కడ!" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. నవ్వితే నవ్వారు. పాపిడి తీసి చూస్తే తలంతా తెల్లటి పొట్టు. ఉత్త చుండ్రు. దాని మీద వాళ్లమ్మ రోజూ నూనె పోస్తోంది. కొన్నాళ్లు ఆ నూనె ఆపి, తల శుభ్రంగా కడిగించి, అప్పటికీ తగ్గకపోతే చర్మం డాక్టరుకి చూపించమన్నాను. పది నిమిషాల్లో తేలిపోయిన పని. కానీ ఆ ప్రశ్న నా సొంతం కాదు. నాకు నేర్పింది మా పెద్దమ్మ. చిన్నప్పుడు నా జడ నాకు మిగిలిందంటే ఆ ప్రశ్న వల్లే.

అప్పట్లో మేం ఇదే ఊళ్లో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. నాన్న వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దున్నే వర్క్‌షాపు భోంపూ కూసిందంటే కాలనీ మొత్తం ఒక్కసారే సైకిలెక్కేది. మా వీధిలో సగం ఇళ్లు మాలాగే శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లవే. బయట హిందీ, ఛత్తీస్‌గఢీ. గుమ్మం దాటి లోపలికొస్తే మా ఊరి తెలుగు, అందులోనూ సగం హిందీ. "జల్దీ తిని స్కూలుకి ఎళ్లు, టైమైపోనాది" అని అమ్మ ఒకే ఊపిరిలో రెండు మూడు భాషలు మాట్లాడేది. తలంటు దగ్గర మాత్రం ఏ కల్తీనీ ఒప్పుకునేది కాదు. కుంకుడుకాయలు మా ఊరి నుంచే రావాలి. కాలనీలో ఎవరు సెలవు మీద వెళ్లొచ్చినా వాళ్ల సామానులో మా కుంకుడుకాయల సంచి ఒకటి ఉండాల్సిందే. శుక్రవారం తెల్లారేసరికి పెరట్లో బొగ్గుల పొయ్యి మీద నీళ్లు కాగుతూ ఉండేవి. బొగ్గు పొగ, నలిగిన కుంకుడుకాయ, తడి సిమెంటు గచ్చు, ఈ మూడూ కలిసిన వాసనే నాకు ఇప్పటికీ శుక్రవారం.

నాకు నడుం దాటిన జడ ఉండేది. చదువు అంతంతమాత్రం, పాట అసలే రాదు. కాలనీలో నాకంటూ పేరుందంటే ఆ జడ వల్లే. అంత జుట్టూ ఆరేసరికి మధ్యాహ్నమయ్యేది, నేను తుమ్ముతూ ఉండేదాన్ని. అది చూసి నాన్న గోల్ బజారు నుంచి నా కోసం ఒక తెల్లటి టర్కీ తువాలు తెచ్చాడు. ఇంట్లో నా ఒక్కదాని కోసం వచ్చిన మొదటి వస్తువు అదే. అమ్మ పాత చీర ముక్కతో తల తుడుచుకునేది. నాన్నకీ తమ్ముడికీ కలిపి ఒకే గళ్ల తుండు. నేను మాత్రం తలంటు కాగానే ఆ తువాలు తలకి చుట్టి, గట్టిగా మెలేసి, కొస మెడ వెనక్కి దోపుకుని, అందరికీ కనబడేలా వీధి వరండాలో అటూ ఇటూ తిరిగేదాన్ని. నాకు గర్వం తక్కువేం కాదు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక మొదలైంది దురద. మొదట్లో చీమ పాకినట్టుండేది. రెండు మూడు వారాలు తిరిగేసరికి మంట. క్లాసులో పెన్సిలుతో, ఇంట్లో దువ్వెన కొసతో, నిద్రలో గోళ్లతో గోక్కునేదాన్ని. గోకుతున్నంతసేపూ స్వర్గం, ఆపితే నరకం. దిండు గలీబు మీద రక్తపు చుక్కలు చూసి అమ్మ "పేలే!" అని తేల్చేసింది. ఒళ్లో తెల్లగుడ్డ పరిచి పేలదువ్వెనతో గంటసేపు దువ్వింది. ఒక్క పేను రాలలేదు, ఒక్క ఈపి కనబడలేదు. "దాక్కున్నాయి" అంది. దాక్కున్న పేల కోసం కిరసనాయిలు రాసి గుడ్డ కట్టి కూర్చోబెట్టింది. మర్నాడు తలంటు. ఆ పైన వేపాకు నూరి పట్టించింది. మళ్లీ తలంటు. పుల్లపెరుగు, మెంతులు, నిమ్మకాయ, పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ ఇచ్చిన తల రుద్దుకునే మట్టి, అన్నీ అయ్యాయి. ఏది రాసినా చివరికి తలంటు తప్పదు కదా. వారానికొక్కటిగా ఉండే తలంట్లు మూడయ్యాయి. వైద్యం పెరిగిన కొద్దీ దురదా పెరిగింది. ఎందుకో ఒక్కరికీ తోచలేదు.

ఇంతలో మా క్లాసు బహెన్‌జీ ఒక చీటీ రాసి పంపింది. అమ్మాయి తల బాగయ్యేదాకా స్కూలుకి పంపొద్దని. చీటీ ఇచ్చే ముందు రెండ్రోజులు నన్ను చివరి బెంచీలో ఒక్కదాన్నే కూర్చోబెట్టింది. పక్కన కూర్చునే పిల్లలు వెనక్కి తిరిగి నన్ను చూసి వాళ్ల తలలు తడుముకునేవాళ్లు. ఆ అవమానం ఇంత వయసొచ్చినా పూర్తిగా పోలేదు. నాన్న చీటీ చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "ఆదివారం బార్బరుని పిలస్తాను. గుండు కొట్టించీద్దాం. జుట్టు మళ్లీ రాదేటి?" అన్నాడు.

"ఆడపిల్లకి గుండేటండీ? పదమూడేళ్ల పిల్ల!" అంది అమ్మ.

"ఎవులైనా అడిగితే సింహాచలం ఎళ్లొచ్చింది, మొక్కు తీర్చింది అని చెప్పు."

"సింహాచలం ఎళ్తే మీకు సెలవు పడాల గదా. మీరు డ్యూటీలో ఉన్నారని వర్క్‌షాపు మొత్తానికి తెలీదేటి?"

నాన్న ఆ మాటకి కోపం తెచ్చుకున్నాడు. ఆదివారం మాత్రం ఆదివారమే అన్నాడు. అది బుధవారం. నేను ఆ రోజంతా జడ ముందుకేసుకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. ఏడుస్తూనే గోక్కున్నాను, గోక్కుంటూనే ఏడ్చాను. ఒక పక్క ఈ జుట్టు పోతే దురద పోతుందన్న ఆశ కూడా ఉండేది. అలా ఆశపడినందుకు నా మీద నాకే కోపం వచ్చేది.

గురువారం విజయనగరం పాసింజర్లో మా పెద్దమ్మ దిగింది. అమ్మకి అప్ప. పలాస దగ్గర జీడిపిక్కల బట్టీలో పిక్కలు కొట్టే పని చేసేది. ఒక్కచోట నిలవలేని మనిషి, నోట్లో అడ్డపొగ చుట్ట, మాట కరుకు. చేతులు మాత్రం ఎవరికీ కనబడనిచ్చేది కాదు. వేళ్ల కొసలు నల్లబడి, తోలు ఊడి, మళ్లీ వచ్చి, మళ్లీ ఊడి ఉండేవి. కొత్తవాళ్లు వస్తే చేతులు చీర చెంగులోకి పోయేవి. వచ్చిన గంటకే నా గోకుడు చూసింది. అందరిలా "పేలా?" అనలేదు.

"ఎక్కడే గుంటా దురద?" అంది.

"తల్లో."

"తలంటే ఇంతుంది గదే. ఏలెట్టి సూపించు."

పెట్టి చూపించాను. మెడ మీద జుట్టు మొదలయ్యే చోట, ఎడమ చెవి వెనక. నడినెత్తిన ఉందా అంది, లేదన్నాను. నుదుటి దగ్గరా అంది, లేదన్నాను.

"మరి కిరసనాయిలు ఎక్కడ రాసినారు?"

"తలంతా."

పెద్దమ్మ మా అమ్మ వైపు చూసింది. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు తల దించుకుంది. "ఎప్పుడెక్కువ?" అని మళ్లీ నన్నే అడిగింది. తలంటుకున్న మర్నాడని చెప్పాను. అప్పుడు నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి జడ పైకెత్తి చూసింది. చిన్న చిన్న నీటిపొక్కులు, కొన్ని చితికినవి, కొన్ని ఎండి నల్లబడ్డవి, అన్నీ ఒకే దారిన ఉన్నాయట.

"ఓలమ్మా! ఇది జీడే!" అంది.

"జీడేటి వదినా?" అన్నాడు నాన్న. "జీడిపప్పు తినీ మొకాలేటి మావి? పాయసంలో వేరుశనగ్గుళ్లు ఏసుకునీవోళ్లం."

"పప్పు కాదు బాబూ, జీడిరసం. ఇలా సూడు" అని పెద్దమ్మ తన రెండు చేతులూ నాన్న ముందు చాపింది. ఆమె ఆ పని చేయడం మేమెప్పుడూ చూడలేదు. "పదిమందిమి కూకుని పిక్కలు కొడితే అందులో ఇద్దరి ఒంటికి అస్సలు పడదు. ఆలకి ఇలాగే పొక్కుతాది. నాను రోజూ సూసీదే. ఇంటిలోన జీడి ఎక్కడో ఉంది."

ఆ సాయంత్రమంతా ఆమె మా ఇల్లు సోదా చేసింది. నూనె డబ్బా వాసన చూసింది, దువ్వెనలు చూసింది, దిండు విప్పి దూది చూసింది. ఏమీ దొరకలేదు. "రేపు తలంటేది ఉందా? అంటు. నాను సూస్తాను" అని అమ్మతో చెప్పి చుట్ట ముట్టించింది.

శుక్రవారం పొద్దున్న పెరట్లో పీట వేసుకుని కూర్చుంది. అమ్మ కుంకుడు పులుసు పిసికితే అది అరచేతిలో వేసుకుని చూసింది. నీళ్లు చూసింది, చెంబు చూసింది. ఏదీ తప్పు పట్టలేదు. తలంటు అయిపోయింది. నేను ఎప్పటిలాగే తువాలు తలకి చుట్టి, ఎడం పక్కకి మెలేసి, కొస మెడ వెనక్కి దోపుకున్నాను. "ఆగు! అలాగే ఉండు, కదలకు" అని పెద్దమ్మ లేచొచ్చింది. దోపిన కొస మీద వేలు పెట్టి, మెల్లిగా తువాలు విప్పి, ఆ కొసని ఎండలోకి పట్టింది. రెండు నల్లటి చుక్కలు, కింద ఒక గీత. అది మా ఇంటి గుర్తు. మా కాలనీ బట్టలుతికే బరేఠిన్ ఏ ఇంటి బట్టలు ఆ ఇంటికి చేరడానికి పెట్టే గుర్తు. జీడిపిక్క జాతిదే అయిన నల్లజీడిగింజలో సూది గుచ్చి, ఆ రసంతో వేసేది. ఎన్ని ఉతుకులైనా పోదు. నాన్న చొక్కాల మీద ఆవగింజంత చుక్కలుంటే సరిపోయేది. టర్కీ తువాలు మీద బొచ్చు లేస్తుంది కదా, గుర్తు నిలవక ప్రతివారం మళ్లీ ఒత్తి ఒత్తి వేసేది. అలా అది బఠాణీ గింజంత అయి కూర్చుంది. తడి తువాల్లో, ఒంటికి బిగించి, గంటల తరబడి నేను దాన్ని మెడ మీద మోసేదాన్ని. కిరసనాయిలు తర్వాత అదే తువాలు, వేపాకు తర్వాత అదే తువాలు. వైద్యం పేరు చెప్పి వారానికి మూడుసార్లు జీడి పూసుకున్నాను.

నాన్న వెంటనే నమ్మలేదు. "ఇన్నాళ్లబట్టి అదే గుర్తు. నాకేటీ అవలేదు గదా వదినా?" అన్నాడు. "నీ ఒంటికి పడింది, దీని ఒంటికి పడలేదు బాబూ. అందరి ఒళ్లూ ఒకటేటి?" అంది పెద్దమ్మ. నాన్న తువాలు చేతిలోకి తీసుకుని ఆ చుక్కల మీద బొటనవేలు రాశాడు. "నానే గదా కొన్నాను" అన్నాడు, తనలో తనే. నాకు నాన్న మీద అప్పటిదాకా ఉన్న కోపం ఆ మాటతో పోయింది.

ఆదివారం బార్బరు పెట్టె పట్టుకుని రానే వచ్చాడు. వద్దని చెప్పడం నాన్న మరిచిపోయాడో, ఇంకా మనసులో అనుమానం ఉందో నాకు తెలీదు. నేను తలుపు వెనక్కి పోయి నిలబడ్డాను. పెద్దమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "పదిరోజులు ఆగు బాబూ. తగ్గకపోతే నా సేత్తో నానే కత్తెర ఎడతాను" అంది. నాన్న బార్బరుని చూశాడు, తలుపు సందులోంచి కనిపిస్తున్న నా జడ కొసని చూశాడు. తర్వాత స్టూలు లాక్కుని తనే కూర్చుని, "దాఢీ బనా దో భాయి" అన్నాడు. గెడ్డం మీద కత్తి గీస్తున్న చప్పుడు వింటూ తలుపు వెనక నేను ఏడ్చాను. ఆ వారంలో అదొక్కటే సుఖమైన ఏడుపు.

పెద్దమ్మ చేసిన వైద్యం చెప్పుకోడానికి ఏమీ లేదు. నా గోళ్లు మొదలంటా కత్తిరించింది. చల్లనీళ్లలో గుడ్డ తడిపి ఆ చోట మీద వేసేది, ఆరాక కొబ్బరినూనె ఒక్క వేలితో రాసేది. తలంతా ఏమీ రాయనివ్వలేదు. అమ్మ పెరుగు గిన్నె పట్టుకొస్తే చేత్తో పక్కకి తోసేసింది. నాలుగైదు రోజుల్లో మంట పోయింది. వారం దాటాక ఒక పొద్దున్న పెరట్లో పళ్లు తోముకుంటూ ఉంటే ఉన్నట్టుండి గుర్తొచ్చింది, లేచిన దగ్గర్నుంచి నా చెయ్యి ఒక్కసారి కూడా తల మీదకి వెళ్లలేదని. పరుగెత్తుకెళ్లి పెద్దమ్మకి చెప్పాను. "గోకడం మర్సిపోడమే నయమవడం" అని ఆమె నెత్తి మీద ఒక మొట్టికాయ వేసింది. మరో నాలుగు రోజులకి బహెన్‌జీ నా మెడ వెనక చూసి పాత బెంచీలో కూర్చోమంది.

ఆ రోజులు బంగారం అని నేను చెప్పబోవడం లేదు. పేను లేని తలకి కిరసనాయిలు పోసిన రోజులవి. ఇప్పుడు చర్మం డాక్టర్లు వీపు మీద చిన్న చిన్న బిళ్లలు అతికించి ఏది ఒంటికి పడదో తేలుస్తున్నారు. నాకు ఒకసారి చేశారు కూడా. ఎంతో మేలు. కానీ నా తమ్ముడింటి గూట్లో ఉన్న సీసాల్లాగే, అప్పుడు మా ఇంట్లోనూ మందులకి కొదవ లేదు. అందరికీ జవాబులున్నాయి. దురదపడుతున్న మనిషిని కూర్చోబెట్టి అడిగే ఓపికే లేదు. ఆ ఓపిక ఆ ఇంట్లో చదువు రాని మనిషికి ఒక్కదానికే ఉండేది.

తువాలు సంగతి తేలిన దగ్గర్నుంచీ అమ్మ కోపం బరేఠిన్ మీదకి మళ్లింది. బరేఠిన్ పేరు ఇత్వారిన్. నన్ను "నోనీ" అని, అంటే పాపా అని పిలిచేది, వచ్చినప్పుడల్లా జడ పట్టుకుని బరువు తూచినట్టు ఎత్తి నవ్వేది. మా వీధి ఇళ్లన్నిటికీ ఆమే ఉతికేది. "దీన్ని మాన్పించీడమే కాదు, ఇంటింటికీ ఎళ్లి చెప్తాను" అంది అమ్మ. అమ్మ చెప్తే వీధి వింటుంది. వీధి వింటే ఇత్వారిన్ పొయ్యి ఆరిపోతుంది. నా జడ దక్కిందని సంతోషించాలో, దాని వల్ల ఆమె కూడు పోతుందని భయపడాలో నాకు తెలియలేదు. "ముందు ఆ మనిసిని రానీ" అంది పెద్దమ్మ.

బార్బరు వచ్చి వెళ్లిన మర్నాడే, సోమవారం, ఇత్వారిన్ మూట దించీ దించగానే అమ్మ తువాలు ఆమె ముందు పడేసింది. "దేఖో తుమ్హారా నిశాన్! మేరీ బచ్చీ కా సర్ ఖరాబ్ హో గయా" అంది, నీ గుర్తు వల్లే నా బిడ్డ తల పాడైందని. ఇత్వారిన్ ఆ చుక్కలు చూసింది, నా మెడ చూసింది. మొహం పాలిపోయింది. "భేల్వా తో సబ్బో లగాథే బాయి" అంది, జీడిగుర్తు అందరూ పెట్టేదేగా అని. అంటూ కుడిచెయ్యి చెంగులో దాచుకుంది. అది అమ్మ చూడలేదు. పెద్దమ్మ చూసింది. తను జీవితమంతా చేసిన పనే కదా. లేచి వెళ్లి, హిందీ ముక్క రాకపోయినా, ఆ చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. బొటనవేలు, దాని పక్కన రెండు వేళ్లు నల్లబడి, బీటలు వారి, రసి కారుతున్నాయి.

"ఎక్కడ దురదో అడుగు" అంది నాతో. అడిగాను. ఆ మూడు వేళ్లూ చూపించి, సోడా వల్ల అంది ఇత్వారిన్, బట్టల సోడాకి చేతులు అలాగే అవుతాయంది. "సోడా అయితే రెండు సేతులూ పోవాల గదా? ఎడం సెయ్యి బాగానే ఉందేటి?" అంది పెద్దమ్మ. నేను హిందీలో చెప్పాను. ఇత్వారిన్ రెండు చేతులూ పక్కపక్కన పెట్టుకుని, ఎన్నడూ చూడనట్టు చూసుకుంది. ఆ మూడు వేళ్లతోనే కదా గింజ పట్టుకునేది, సూది పట్టుకునేది. "కోనో నయి పూఛిస్" అంది. ఎవరూ అడగలేదని. పెద్దమ్మ తన చేతులు తీసి ఆ చేతుల పక్కన పెట్టింది. నాలుగు చేతులూ మా వరండా గచ్చు మీద అలా ఉంటే మా అమ్మ వంగి తను పడేసిన తువాలు తీసుకుంది. లోపలికెళ్లి కొబ్బరినూనె గిన్నె, తన కుట్టుపెట్టెలోంచి ఎర్రదారం ఉండ తెచ్చి గచ్చు మీద పెట్టింది. ఇక నుంచి గుర్తు దారంతో కుట్టమని చెప్పింది. నాలుగు టాకాలు తనే కుట్టి చూపించింది. ఆ సాయంత్రం ఇంటింటికీ వెళ్లింది కూడా, దారం గుర్తుకి అందరినీ ఒప్పించడానికి.

పెద్దమ్మ ఊరెళ్లిపోయింది. చలికాలం వచ్చింది. ఒక సోమవారం నేను వరండాలో ఉన్నాను. వీధి చివర ఇత్వారిన్ మూట నెత్తిన పెట్టుకుని వస్తోంది. ఎడంచేత్తో మూట పట్టుకుని, కుడిచెయ్యి పైకెత్తి, అయిదు వేళ్లూ విప్పి ఊపుతోంది. "నయి ఖజువావత్ హే బాయి! నయి ఖజువావత్ హే!" అని దారి పొడుగునా అరుస్తోంది. దురద లేదు, దురద లేదు అని. అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. అమ్మ వంటింట్లోంచి తడిచేతులతో వీధిలోకి పరుగెత్తింది. ఆ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఒక్కొక్క వేలూ తిప్పి చూసి, "హమ్మయ్య!" అని అక్కడే, వీధి మధ్యలో, ఆమె పక్కన కూలబడింది.